పెరటి గుమ్మంలో అక్క

పోయినవారం మనం ఓజెల్లాని బస్సులో వెనక సీటు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. మధ్యలో చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అలబామాలో కేన్‌క్రీక్ అనే ఊరి నల్లపేటలో తొమ్మిదేళ్ళలో ముగ్గురు ఆడపిల్లలు మాయమయ్యారు. పేరుకి నల్లవాళ్ళేగానీ ముగ్గురిదీ మీగడ రంగు. తాతమ్మల కాలంలో పత్తితోటల దొరలు చేసిన నిర్వాకం మునిమనవరాళ్ళ ఒంటిమీద అలా తేలింది మరి. షెరీఫ్ కాయితం మీద కలం పెట్టలేదు. లేచిపోయుంటార్లే అని చేతులు దులుపుకున్నాడు. పేటలోవాళ్ళు మాత్రం ఎవరో చంపి వాగులో పారేశారనే అనుకున్నారు, ప్రతి ఆదివారం ప్రార్థనలో ముగ్గురి పేర్లూ చెప్పుకుని ఏడ్చారు. మొదట మాయమైంది ఓజెల్లా చెల్లెలు పెర్లీన్.

రెండోపిల్ల డార్కస్ పోయిన నెల శవమై తిరిగొచ్చింది. పేటలో అంత్యక్రియల పని చూసేది స్పివే గారు. ఆయన దగ్గర పోయినవాళ్ళకి ఆఖరుసారి తల దువ్వే పని ఓజెల్లాది. డార్కస్ మెడ మీది జుట్టు పైకెత్తితే కింద రెండు బొటనవేళ్ళ గుర్తులు కనపడ్డాయి. వేలికి పెళ్ళి ఉంగరం కూడా ఉంది. బతికినన్నాళ్ళూ ఆ పిల్ల తెల్లదొరసానిగా బతికింది, చచ్చాక మాత్రం నల్లవాళ్ళ శవాల కొట్టుకి పంపేశారు.

ఓజెల్లా వెళ్ళి అమ్మని నిలదీసింది. అప్పుడు చెప్పింది ఆ తల్లి. పెర్లీన్‌ని ఎవరూ ఎత్తుకుపోలేదు. తోట యజమాని కొడుకు దాని చుట్టూ తిరుగుతుంటే భయపడి, పదిహేడేళ్ళ పిల్లని తనే రైలెక్కించింది, పోయి తెల్లవాళ్ళలో కలిసిపొమ్మని. అలా దాటిపోయినవాళ్ళకి ఒకటే కట్టుబాటు. వీధిలో ఎదురుపడినా వాళ్ళు మనని చూడరు, మనం వాళ్ళని చూడకూడదు. చూస్తే గుట్టు బయటపడుతుంది. నల్లపిల్లకి తెల్లవాడితో పెళ్ళి పెళ్ళే కాదంటుంది చట్టం, ఆపైన జైలు, జైలుకి ముందే ఇంకేదైనా జరగొచ్చు. ఇంతలో స్పివే గారి చిరునామాకి పెర్లీన్ పేరుతో ఉత్తరం వచ్చింది. నెలలు నిండాయట, ఇంట్లో పనిమనిషి కోసం చూస్తున్నారట, ఎవరికీ తెలియకుండా అక్కని పంపమని. అమ్మ ససేమిరా అంది. "ఏరు దాటాక తెప్ప తగలేశాం. ఇప్పుడా బూడిద కెలక్కే," అంది. ఓజెల్లా వినలేదు. తొమ్మిదేళ్ళు చచ్చిపోయిందనుకుని ఏడ్చిన చెల్లెలు బతికుందని తెలిశాక ఏ అక్క వింటుంది చెప్పండి? తెల్లారేసరికి అమ్మ పొయ్యి మీద నుంచి దించిన చిలగడదుంపల తీపిరొట్టె గుడ్డలో మూటగట్టి చేతిలో పెట్టింది.

అదీ సంగతి. ఇక మధ్యాహ్నం రెండయింది. ఆగస్టు ఎండలో మైలున్నర నడిచి, ఓజెల్లా ట్రెడ్‌వెల్ వాళ్ళింటి వెనకవైపు నిలబడి పెరటి తలుపు తట్టింది.

తలుపు తీసింది ఇంటి పెద్దావిడే. మిసెస్ ట్రెడ్‌వెల్‌కి డెబ్బై ఉంటాయి. సన్నటి మనిషి. ఎండలో నిలబెట్టే మాట్లాడింది.

"ఎవరే నువ్వు?"

"పనిమనిషి కావాలన్నారని తెలిసొచ్చానమ్మగారూ. నా పేరు ఓజెల్లా."

"ఎవరు చెప్పారు నీకు?"

"కింద వీధిలో బట్టలుతికే ఆవిడ చెప్పిందండి."

బస్సులో ఇరవైసార్లు వల్లెవేసుకున్న అబద్ధం అది. ముసలావిడ తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది, సంతలో పశువుని చూసినట్టు.

"పురుడు పోయడం తెలుసా?"

"మా అమ్మ మంత్రసానండి. చిన్నప్పట్నుంచీ పక్కనుండి చూస్తున్నాను."

అన్నాక ఓజెల్లా నాలిక కరుచుకుంది. అమ్మ ఊసు ఇక్కడెందుకు తెచ్చినట్టు? నోటికి తాళం వేసుకుని వచ్చానని ఆమె అనుకుంది, మొదటి నిమిషంలోనే జారింది.

"అలాగా," అంది మిసెస్ ట్రెడ్‌వెల్. లోపలికి తిరిగి గొంతు పెంచింది. "ఎలెనార్! ఒక్కసారి ఇటొస్తావా అమ్మాయ్?"

ఈ ఇంట్లో పెర్లీన్ పేరు ఎలెనార్. ఆ సంగతి ఉత్తరంలో ఉంది కాబట్టి ఓజెల్లాకి తెలుసు. తెలిసినా ఆ పేరు చెవిన పడగానే ఒళ్ళు మండింది. నాన్న పెట్టిన పేరు, పదిహేడేళ్ళు ఊరంతా పిలిచిన పేరు, దాన్ని ఎక్కడ పాతిపెట్టారో!

వంటింటి గుమ్మంలో నీలం గౌను అంచు కనపడింది. ఓజెల్లా తల ఎత్తలేదు. తెల్లవాళ్ళ ముందు కళ్ళు దించుకోమని పుట్టినప్పట్నుంచీ నేర్పిన అలవాటు ఆరోజుకి అక్కరకొచ్చింది. ఎత్తి చూస్తే మొహం తన మాట వినదని ఆమెకి తెలుసు.

"ఈ పిల్లని ఎక్కడైనా చూశావా?"

"లేదత్తయ్యగారూ."

"సరిగ్గా చూసి చెప్పు."

"నేనెక్కడ చూస్తానండీ వీళ్ళని?"

గొంతులో చిన్న వణుకైనా లేదు. వణుకు లేకుండా ఉండాలనే కదా ఓజెల్లా దారంతా దేవుణ్ణి వేడుకుంది! తీరా దేవుడా మొర వింటే తట్టుకోలేకపోయింది. 'వీళ్ళని' అంది. నా చెల్లెలు నన్ను 'వీళ్ళని' అంది.

"ఆ మూటలో ఏముంది?" అడిగింది ముసలావిడ.

"దారిలో తినడానికి తెచ్చుకున్నదండి. తీపిరొట్టె."

"మరి తినలేదేం? మైలున్నర నడిచొచ్చావుగా. ఇక్కడే తిను, ఫరవాలేదు. తిన్నాక పని చూపిస్తాను."

ఇదేం మర్యాదో! మెట్ల మీద కూర్చుని ఓజెల్లా మూట విప్పింది. జాజికాయ వాసన గుప్పుమని వంటింట్లోకి పోయింది. ఎవరి కోసం అమ్మ తెల్లారకట్ల లేచి చేసిందో ఆ మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఓజెల్లా ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు ఒక్క క్షణం తలెత్తి చూసేసింది.

పెర్లీన్ ఆమె మొహం చూడట్లేదు. రొట్టె వంక చూస్తోంది. ఆ చూపు ఇరవయ్యారేళ్ళ దొరసానిది కాదు. పొయ్యి పక్కన బల్లెక్కి, "అక్కా, అంచుముక్క నాదే," అని పేచీ పెట్టిన ఆరేళ్ళ పిల్లది. ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపొచ్చింది, కడుపు నిండుగా ఉంది. అయినా అదే పిల్ల. ఓజెల్లా గబగబా తల దించుకుని, ఆ అంచుముక్క కూడా తానే తినేసింది. ఇంతకంటే పాపం లోకంలో ఉంటుందా అనిపించింది ఆమెకి.

"ఆకలిమీదే ఉన్నావు పాపం," అంది మిసెస్ ట్రెడ్‌వెల్, తృప్తిగా. "చేతులు కడుక్కుని లోపలికి రా. ముందు అమ్మాయికి తల దువ్వు. రెండు వారాలుగా చేతులు పైకెత్తలేకపోతోంది. సాయంత్రం ఆడవాళ్ళు నలుగురు కాఫీకి వస్తున్నారు. ఆ జుట్టేసుకుని వాళ్ళ ముందుకొస్తే నా పరువేం కావాలి?"

"నేను దువ్వుకుంటాను అత్తయ్యగారూ," అంది పెర్లీన్ గబుక్కున.

"ఎందుకమ్మా శ్రమ? మనిషొచ్చిందిగా."

ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంది. ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని ముసలావిడ తీరిగ్గా కూర్చుంది, నాటకం చూడ్డానికి టిక్కెట్టు కొన్నట్టు. ఓజెల్లా చేతికి దువ్వెన ఇచ్చింది.

ఓజెల్లా బతుకంతా తలలతోనే గడిచింది. శనివారాలు తన వంటింట్లో పేటలోని ఆడవాళ్ళ తలలు, మిగతా రోజుల్లో స్పివే గారి బల్ల మీది తలలు. మొహం మర్చిపోతుందేమోగానీ తల మర్చిపోదు. ఈ తల మరీను. నడినెత్తిన రెండు సుడులు. ఎడమ చెవి వెనక, మంచం కోడు తగిలి చిట్లినచోట చిన్న మచ్చ. చెయ్యి వెళ్ళి దానంతటదే ఆ మచ్చ మీద ఆగబోయింది. ఆమె దాన్ని బలవంతాన పక్కకి లాక్కుంది. ఎరగని తల దువ్వినట్టు దువ్వాలి. తడుముకోవాలి. పాపిడి ఎటు తియ్యాలో అడగాలి.

"పాపిడి ఎటు తియ్యమంటారు దొరసానిగారూ?"

"నీ ఇష్టం," అంది పెర్లీన్. ఆ రెండు మాటలకే భుజాలు చిన్నగా కదిలాయి. వేళ్ళ కింద నెత్తిచర్మం వెచ్చగా ఉంది, లోపల నరం టపటపా కొట్టుకుంటోంది. ఓరి దేవుడా, తొమ్మిదేళ్ళు! ఇలా వెనక నిలబడి ఈ తలని గుండెకి ఆనించుకోవడానికి ఓజెల్లా ఏం అడిగినా ఇచ్చేసేది. ఇప్పుడది అరచేతి కిందే ఉంది, ఆనించుకునే వీల్లేదు. ఒక్కసారి "అక్కా" అంటే చాలు, ఈ రాత్రికే చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది.

మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. పైజుట్టు పట్టులా జారుతోందిగానీ మెడ మీది సన్నజుట్టు చుట్టలు చుట్టుకుపోయి ఉంది. తాతమ్మల జుట్టు. ఇన్నేళ్ళూ స్నానాలగది గడియ పెట్టుకుని ఈ పిల్ల తనే దాన్ని సాపు చేసుకుంటూ వచ్చింది. నెలలు నిండి చేతులు లేవకపోయేసరికి అది మళ్ళీ మొలిచింది. ఓజెల్లా అరచెయ్యి అడ్డం పెట్టి, పైజుట్టు దాని మీదికి దువ్వేసి రెండు పిన్నులు గుచ్చింది. ముసలావిడ కూర్చున్నచోటికి కనపడలేదనే అనుకుంది.

"బావుంది. చెయ్యి తిరిగినదానివే," అంది మిసెస్ ట్రెడ్‌వెల్ లేస్తూ. "ఉండు, చెవుల పక్కన ఒంపులు తిప్పుదువుగాని. నా ఇస్త్రీ కడ్డీ పొయ్యి మీద పెట్టొచ్చాను. కాగే ఉంటుంది."

చెక్కపిడి ఉన్న ఇనపకడ్డీ, జుట్టు ఒంపులు తిప్పేది, గుడ్డతో పట్టుకుని తీసుకొచ్చింది. ఓజెల్లా దాన్ని అందుకుని అలవాటుకొద్దీ ఒక కాయితం మీద ఆనించి చూసింది. కాయితం మాడలేదు, వేడి సరిపోయింది. కాలిన ఇనుము వాసన, తలనూనె వాసన గదంతా కమ్ముకున్నాయి. అది అచ్చం శనివారం వాసన. అమ్మ వంటిల్లు, పొయ్యి మీద చుట్టల జుట్టు సాపు చేసే ఇనపదువ్వెన, వరసగా కూర్చున్న ఆడపిల్లలు. కడ్డీ పెర్లీన్ చెంప దగ్గరికి వెళ్ళింది.

పెర్లీన్ ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచింది. చెవి పైకొసని వేలితో ముందుకి మడిచి, గట్టిగా అదిమి పట్టుకుంది.

నల్లపేటలో పుట్టిన ఏ ఆడపిల్లకీ ఇది ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళప్పుడు మొదలవుతుంది. దువ్వెన పొయ్యి మీంచి లేవగానే చెయ్యి చెవి మీదికి పోతుంది, లేకపోతే చెవి కాలుతుంది. పెద్దయి పిల్లల్ని కన్నా పోదు ఆ అలవాటు. పేరు మార్చుకోవచ్చు, మాట యాస మార్చుకోవచ్చు, తల్లిని మర్చిపోయినట్టు నటించొచ్చు. పాపం, చేతికి ఎవరు చెప్తారు?

మిసెస్ ట్రెడ్‌వెల్ కుర్చీలో ముందుకి వంగింది.

"చెవెందుకు పట్టుకున్నావు అమ్మాయ్?" అడిగింది మిసెస్ ట్రెడ్‌వెల్. గొంతు వెన్నలా ఉంది.

పెర్లీన్ చెయ్యి దించేసింది. "ఊరికే... పొద్దుట్నుంచీ చెవిపోటుగా ఉందండి."

"అయ్యో, చెప్పనేలేదే. నేను యాభయ్యేళ్ళుగా ఆ కడ్డీతో జుట్టు తిప్పుకుంటున్నాను. మా అక్కచెల్లెళ్ళూ తిప్పుకున్నారు. ఒక్కరోజు ఒక్కళ్ళమూ చెవి పట్టుకోలేదమ్మా. మా పాత వంటమనిషి కూతుళ్ళు పట్టుకునేవాళ్ళు. అచ్చం అలాగే, వేలితో మడిచి." ఓజెల్లా వైపు తిరిగింది. "మీ వాళ్ళంతా అలాగే పట్టుకుంటారా పిల్లా?"

ఓజెల్లా కడ్డీ పక్కకి తీసింది. "మా పిల్లలు కదులుతారండి. అందుకని పట్టుకోమంటాం. దొరసానిగారికి పోటని చెప్తున్నారు కదండీ."

"నిన్ను అడిగింది నీ వాళ్ళ సంగతి. దొరసాని సంగతి కాదు."

"అవునండి. పట్టుకుంటారు."

"ఊఁ." పెద్దావిడ లేచి గౌను సర్దుకుంది. "ఉత్త చెవిపోటైతే ఇబ్బంది లేదు. నెలలు నిండిన పిల్ల, తేలిగ్గా తీసుకోకూడదు. డాక్టర్ ప్రూయిట్‌కి ఫోన్ చేసొస్తాను. నువ్వు కానియ్యి పిల్లా, రెండోపక్క కూడా తిప్పు."

తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వెళ్ళింది. ఫోనుంది అక్కడే.

ఓజెల్లా కడ్డీ కిటికీ అరుగు మీద పడేసింది. పెర్లీన్ వెనక్కి తిరిగి రెండు చేతులతో ఆమె నడుం పట్టేసుకుంది. మొహం కడుపులోకి దూర్చేసింది.

"అక్కా. అక్కా, అక్కా..."

తొమ్మిదేళ్ళది ఒక్కసారే. ఓజెల్లా ఆ తలని అదిమి పట్టుకుంది, సుడుల మీద ముద్దులు పెట్టింది. "ఏడవకే. చప్పుడు చెయ్యకే నా తల్లీ. ఉన్నానుగా." కన్నీళ్ళు కారి చెల్లెలి పాపిట్లో పడుతున్నాయి.

"ఎందుకొచ్చావక్కా? అమ్మెలా పంపింది నిన్ను?"

"నువ్వు రమ్మన్నావనే కదే వచ్చాను! ఉత్తరం రాశావుగా, నెలలు నిండాయని."

పెర్లీన్ తలెత్తింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనా? నేనెందుకు రాస్తానక్కా? చచ్చిపోయినా రాయను. అమ్మకి మాటిచ్చాను."

"స్పివే గారి చిరునామాకి వచ్చింది. టైపు చేసి ఉంది. నీ చేతులు వాచాయి కాబోలనుకున్నాం..." చెబుతూ చెబుతూనే ఓజెల్లాకి తన మాటలు తనకే పిచ్చిగా వినపడ్డాయి. చెల్లెలి చేతిరాత ముక్కైనా లేని కాయితాన్ని గుండెకి హత్తుకుని, ఉన్నపళంగా బస్సెక్కింది. ఎంత వెర్రిదాన్ని! రాతేదని ఒక్కరైనా అడిగారా?

"స్పివే గారి చిరునామాకా?" పెర్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే నా వల్లే. ఊళ్ళోంచి ఒక్క వస్తువూ తీసుకెళ్ళొద్దంది అమ్మ. నేను చర్చిలో విసురుకునే అట్ట విసనకర్ర దాచుకొచ్చాను. మీరంతా గుర్తొచ్చినప్పుడు పెట్టె తీసి చూసుకునేదాన్నక్కా, అంతే. స్పివే గారు పంచినదేగా, వెనక ఆయన పేరు, ఊరు అచ్చేసి ఉంటాయి. మూలన 'పెర్లీన్, అక్క ఓజెల్లా' అని పెన్సిలుతో నేనే రాసుకున్నాను. పది రోజులుగా అది కనపడట్లేదు."

ఎవర్ని తిట్టాలి? అట్టముక్క మీద బెంగతో ఒకతి దొరికిపోయింది, కాయితంముక్క మీద ఆశతో ఇంకొకతి నడిచొచ్చి సాక్ష్యం చెప్పింది. దారంతా తాను పనికొస్తున్నానని మురిసిపోయింది కదా, ఈ ముసల్దానికే పనికొచ్చింది.

"డార్కస్ రెండు వీధుల అవతలే ఉండేది," అంది పెర్లీన్, మాటలు తొక్కేసుకుంటూ. "ఒకళ్ళనొకళ్ళం చూసుకునేవాళ్ళం కాదు. పోయేముందు వాళ్ళమ్మ దాని ఇంటికొచ్చింది, పనిమనిషినని చెప్పి. పెరట్లో పనివాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను, ఆమెకీ ఉత్తరం వచ్చిందంటక్కా. ఆమె ఇంకా ఊరు దాటలేదు, డార్కస్‌కి నొప్పులొచ్చాయన్నారు. పురుడు పోయడానికి వెళ్ళింది ఈ డాక్టర్ ప్రూయిట్టే. తల్లి పోయిందన్నారు. బిడ్డేమైందో ఎవరూ అడగలేదు."

"మీ ఆయన?"

"క్లిఫర్డ్‌కి ఏమీ తెలీదు. కలప పని మీద వెళ్ళాడు, శుక్రవారందాకా రాడు. తెలిస్తే ఏమంటాడో నాకే తెలీదక్కా. ప్రేమగానే చూస్తాడు. ఎవర్ని చూస్తున్నాడో తెలీకుండా చూస్తాడు."

తలుపవతల ముసలావిడ గొంతు వినపడింది.

"...ఔను డాక్టర్ గారూ. అనుమానం తీరిపోయింది. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. లేదు లేదు, క్లిఫర్డ్ వచ్చేలోపే అయిపోవాలి. వాడికి చనిపోయిందనే చెప్దాం. అరగంటా? అంతసేపెందుకండీ, కారు వెనకవైపు నుంచి తీసుకురండి."

పెర్లీన్ అక్కని రెండు చేతులతో నెట్టింది. "నువ్వు పో. పెరటి తలుపు తీసే ఉంది, నువ్వు పరిగెత్తగలవు. నాకోసం చూడకు. నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను. పో అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నోర్ముయ్యి," అంది ఓజెల్లా.

తొమ్మిదేళ్ళ క్రితం ఈ పిల్ల రైలెక్కుతుంటే ఆమె పక్కింట్లో కూర్చుని ఎవరికో తల దువ్వుతోంది. ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఎవరూ ఆమెని అడగలేదు. ఈసారి ఎవరు చెప్పినా వినదల్చుకోలేదు. కూలీల బస్సు నాలుగింటికి. పెరడు దాటితే చెరకు చేను, చేను దాటితే మనవాళ్ళ గుడిసెలు, వస్తూ చూసింది. అంతవరకు నడవగలిగితే చాలు.

"నీ బూట్లెక్కడే?"

"కుర్చీ కింద..."

ఓజెల్లా నేల మీద మోకాళ్ళేసి వాటిని లాగింది. చెల్లెలి పాదం ఒళ్ళో పెట్టుకుంది. నీరు పట్టి పాదం ఉబ్బిపోయి ఉంది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. మడమ దగ్గర పట్టి తోసింది. పట్టలేదు. తాడు మొత్తం విప్పి మళ్ళీ తోసింది. పెర్లీన్ పంటి కింద పెదవి నొక్కుకుని కుర్చీ చేతిని పట్టుకుంది. ఇంకో రెండంగుళాలు, అంతే.

వరండాలో ఫోను పెట్టేసిన చప్పుడైంది. అడుగులు తలుపు వైపు వస్తున్నాయి. బూటు ఇంకా ఎక్కలేదు.